టౌన్‌హౌస్‌లు, జోనింగ్ నిబంధనలు: అమెరికా నగరాల అనుభవం

టౌన్‌హౌస్ అంటే పక్కింటితో గోడ కలుపుకొని, పునాది నుంచి పైకప్పు దాకా ఒకే కుటుంబం చేతిలో ఉండే నిలువు ఇల్లు. పైన ఒకరు, కింద ఒకరు ఉండరు. ఎవరి గుమ్మం వారిది, ఎవరి మెట్లు వారివి. వెడల్పు సాధారణంగా 15 నుంచి 25 అడుగులు, ఎత్తు రెండు మూడు అంతస్తులు, అరుదుగా నాలుగు. అమెరికా నగరాల్లో గత పాతికేళ్ళకు పైగా, ఒకప్పుడు ఒక్క ఇల్లున్న జాగాలో ఇలాంటివి మూడు, నాలుగు, ఆరు లేస్తున్నాయి. అవి ఏ పేటలో రావాలి, ఎన్ని రావాలి, గుమ్మం ఎటు చూడాలి, కారు ఎక్కడ నిలవాలి అన్నవన్నీ చాలావరకు నగరపాలక సంస్థ నిబంధనల్లోనే తేలిపోతాయి. వాటిలోనూ, ఏ ప్రాంతంలో ఏ రకం కట్టడం ఉండాలో చెప్పే జోనింగ్ మ్యాపు మీది రంగుల కంటే, ఎవరూ పనిగట్టుకుని చదవని నియమాలదే పైచేయి: ప్లాటు కనీస విస్తీర్ణం, పార్కింగ్, ఖాళీ జాగా, రిజిస్ట్రేషన్ పద్ధతి. అసలు జోనింగే లేని హ్యూస్టన్ ఇందుకు అన్నిటికన్నా మంచి సాక్ష్యం.

జోనింగ్‌కు ముందు

వరుస ఇళ్ళు జోనింగ్ కంటే చాలా పాతవి. 1666లో లండన్ తగలబడ్డాక, మరుసటి ఏడు వచ్చిన పునర్నిర్మాణ చట్టం కొయ్య గోడలను మాన్పించి ఇటుక గోడలు తప్పనిసరి చేసింది. 1774 చట్టం ఇళ్ళను తరగతులుగా విడదీసి, ఏ తరగతి ఇంటికి ఎంత మందం గోడ ఉండాలో నిర్ణయించింది. లండన్ వీధులకు ఆ ఒకే పోలిక రావడంలో సౌందర్య దృష్టి పాలు ఎంతో, నిప్పు భయం పాలూ అంతే. ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ ఆ పద్ధతినే అందిపుచ్చుకున్నాయి. కార్మికుడి నుంచి వర్తకుడి దాకా అందరూ వరుస ఇళ్ళలోనే ఉన్నారు, తేడా వెడల్పులో మాత్రమే.

అమెరికాలో నగరమంతటికీ వర్తించే జోనింగ్ 1916లో న్యూయార్క్‌తో మొదలైంది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరం ఒక కుటుంబానికి ఒక ఇల్లు మాత్రమే ఉండే ప్రాంతాలను చట్టంలో చేర్చింది. జాతి ప్రాతిపదికన పేటలను విడదీసే జోనింగ్ చెల్లదని సుప్రీంకోర్టు 1917లో లూయివిల్ నగరం కేసులో తేల్చింది. దాంతో ఇంటి రకాన్ని బట్టి విడదీయడం ఊపందుకుంది. జాతి పేరెత్తకుండానే ఆదాయం గీత గీస్తే చాలావరకు అదే ఫలితం వస్తుందని చరిత్రకారులు ఎత్తిచూపుతూనే ఉన్నారు. హెర్బర్ట్ హూవర్ వాణిజ్య మంత్రిగా ఉండగా ఆయన శాఖ తయారుచేసిన నమూనా చట్టం 1920లలో చాలా రాష్ట్రాలకు పాకింది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ గ్రామం కేసులో జోనింగ్‌కు రాజ్యాంగ ముద్ర పడింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ జార్జ్ సదర్లాండ్, ఒంటి ఇళ్ళ పేటలో అపార్ట్‌మెంటును పరాన్నజీవితో పోల్చారు. ఆ మాట తర్వాతి వందేళ్ళ జోనింగ్ ధోరణికి అచ్చంగా సరిపోయింది.

టౌన్‌హౌస్‌కు చిక్కు ఇక్కడే వచ్చింది. అది ఒంటి ఇల్లూ కాదు, అపార్ట్‌మెంటూ కాదు. చాలా నగరాల నిబంధనలు దాన్ని అపార్ట్‌మెంట్ల గాటన కట్టాయి. నాలుగు వైపులా సెట్‌బ్యాక్, అంటే ఖాళీ జాగా, వదలమనే నియమం ఉన్నచోట ఉమ్మడి గోడకు తావే లేదు. 5,000 చదరపు అడుగుల కనీస ప్లాటు అడిగేచోట 18 అడుగుల వెడల్పు ఇల్లు కాగితం మీదే ఆగిపోతుంది. అలా పాత నగరాల్లో అందరూ ఇష్టపడే వీధులు కొత్తగా కట్టడానికి చట్టవిరుద్ధమయ్యాయి.

హ్యూస్టన్: జోనింగ్ లేని చోట ప్లాటు నియమం

హ్యూస్టన్ ఓటర్లు 1948లో, 1962లో, 1993లో జోనింగ్ ప్రతిపాదనలను తిప్పికొట్టారు. ఏ ప్రాంతంలో ఏ రకం కట్టడం ఉండాలో చెప్పే మ్యాపు అక్కడ లేదు. అందుకని నియమాలే లేవనుకుంటే పొరపాటు. నగర చట్టాల్లో 42వ అధ్యాయం ప్లాట్ల విభజనను, వీధుల వెడల్పును, ఇంటికీ రోడ్డుకూ మధ్య దూరాన్ని, డ్రైవ్‌వేలను నియంత్రిస్తుంది. పార్కింగుకు వేరే అధ్యాయం ఉంది. వీటికి తోడు ప్రైవేటు ఒప్పందాలు. పాత లే-అవుట్లలో దస్తావేజుల్లోనే, ఇక్కడ ఒక ఇల్లు తప్ప మరేదీ కట్టరాదు అని రాసి ఉంటుంది. మరే పెద్ద నగరంలోనూ అంతగా కనిపించని విషయం ఏమిటంటే, ఆ ప్రైవేటు షరతులను అమలు చేయించడానికి హ్యూస్టన్‌లో నగరమే కోర్టుకెక్కగలదు.

1990ల చివరిదాకా మామూలు ఇంటి ప్లాటు కనీసం 5,000 చదరపు అడుగులుండాలి. మన లెక్కలో 555 గజాలు. 1998లో నగర కౌన్సిల్ 42వ అధ్యాయాన్ని సవరించి, నగరం నడిబొడ్డును చుట్టే 610 లూప్ రహదారి లోపల కొన్ని షరతులతో 1,400 చదరపు అడుగులకు, అంటే సుమారు 155 గజాలకు తగ్గించింది. ప్లాటులో ఎంత మేర కట్టవచ్చో, వాన నీరు ఇంకే నేల ఎంత ఉండాలో ఆ షరతులు చెబుతాయి. మారడానికి అక్కడ మ్యాపూ లేదు, రంగులూ లేవు. మారింది భాగహారం ఒక్కటే. పాత ప్లాటును ఇప్పుడు మూడుగా కోయవచ్చు.

ఫలితం కొద్ది ఏళ్ళలోనే కళ్ళకు కట్టింది. రైస్ మిలిటరీ, కాటేజ్ గ్రోవ్ వంటి పేటల్లో చిన్న చెక్క ఇళ్ళు పోయి స్టక్కో పూత వేసిన మూడంతస్తుల ఇళ్ళు లేచాయి. 2013లో ఈ సడలింపును లూప్ దాటించి నగరమంతటికీ విస్తరించారు. టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జేక్ వెగ్మన్ బృందం 2007-2020 మధ్య కాలాన్ని పరిశీలించినప్పుడు, ఆ పద్నాలుగేళ్ళలోనే 30 వేలకు పైగా టౌన్‌హౌస్‌లు లెక్కకు వచ్చాయి. అవన్నీ ఒంటి ఇళ్ళను పడగొట్టి కట్టినవి కావు. పాత దుకాణాలు, గోదాములు, ఖాళీ జాగాల మీద కూడా వచ్చాయి. వ్యాపార స్థలంలో ఇల్లు కట్టడానికి జోన్ మార్పిడి అనుమతి అక్కర్లేకపోవడం ఇక్కడ బాగా కలిసొచ్చింది.

ఈ సవరణ నిలబడటానికి ఒక రాజకీయ సర్దుబాటు కారణం. తమ వీధి మారడం ఇష్టం లేని యజమానులు సంతకాలు సేకరించి, నగరానికి అర్జీ పెట్టుకుని, తమ వీధికి మాత్రమే వర్తించే ప్రత్యేక కనీస ప్లాటు పరిమితిని తెచ్చుకోవచ్చు. పాత దస్తావేజు షరతులున్న పేటలకు ఆ శ్రమ కూడా లేదు. గట్టిగా వ్యతిరేకించేవారికి పక్కకు తప్పుకునే దారి దొరకడంతో నగరం మొత్తం మీద పోరాటం రాలేదు. అయితే ఆ దారి అందరికీ సమానంగా అందలేదు. చదువు, తీరిక, లాయరు ఉన్న పేటలు ముందుగా తలుపు వేసుకున్నాయి. మిగిలిన పేటల మీద ఒత్తిడి పెరిగింది.

బానిసత్వం నుంచి విముక్తులైనవారు స్థిరపడిన ఫోర్త్ వార్డులోని ఫ్రీడ్‌మెన్స్ టౌన్‌లో పాత ఇళ్ళు పోయి కొత్త టౌన్‌హౌస్‌లు వచ్చిన తీరు ఇప్పటికీ నల్లజాతి హ్యూస్టన్ వాసులకు మానని గాయమే. థర్డ్ వార్డులో ఆ కథ పునరావృతం కాకూడదని రాష్ట్ర శాసనసభ్యుడు గార్నెట్ కోల్‌మన్ పొరుగునున్న మిడ్‌టౌన్ ప్రత్యేక పన్ను ప్రాంతం నిధులతో స్థలాలు కొనిపించి, అందుబాటు ధర ఇళ్ళ కోసం అట్టేపెట్టించారు.

ధర విషయంలో రెండు వాదాలూ నిజమే. కూల్చేసిన పాత ఇంటి అద్దెతో పోలిస్తే కొత్త టౌన్‌హౌస్ చాలా ఖరీదు. అదే ప్లాటులో ఒక్క భవంతి కట్టి ఉంటే దాని ధరతో పోలిస్తే చవక. ఎవరు దేన్ని దేనితో పోలుస్తున్నారో గమనించకుండా ఈ చర్చలో దిగితే తలనొప్పే మిగులుతుంది.

సియాటిల్: పార్కింగు గీసిన బొమ్మ

సియాటిల్‌లో జోనింగ్ ఉంది, కావలసినంత ఉంది. టౌన్‌హౌస్‌లకు లోరైజ్ అనే ప్రత్యేక జోన్లున్నాయి. 2000ల తొలి దశకంలో ఈ జోన్లలో వందల కొద్దీ ప్లాట్ల మీద ఒకే బొమ్మ మళ్ళీ మళ్ళీ వచ్చింది. ముందు రెండు ఇళ్ళు, వెనక రెండు ఇళ్ళు, నడుమ కార్లు తిరిగే సిమెంటు చప్టా. స్థానికులు దీన్ని ఫోర్‌ప్యాక్ అని, ఆరైతే సిక్స్‌ప్యాక్ అని ఎగతాళిగా పిలిచారు. ఆర్కిటెక్టులకు ఊహ కరువైందని పత్రికలు విసుక్కున్నాయి. తప్పు ఆర్కిటెక్టులది కాదు. ఒక ప్లాటు తీసుకుని లెక్క వేస్తే తెలుస్తుంది.

50 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు ఉన్న ప్లాటు అనుకుందాం. ఇంటికొక కారు నిలిపే చోటు తప్పనిసరి, దాన్ని ప్లాటులోనే చూపాలి. గరాజులోంచి కారు వెనక్కి వచ్చి తిరగాలంటే సుమారు 24 అడుగులు కావాలి. లోతులో ముందు కట్టడానికి 30, చప్టాకు 24, వెనక కట్టడానికి 30 పోతే 84. మిగిలిన 16 అడుగులు ముందూ వెనకా సెట్‌బ్యాకులకు సరి. వెడల్పులో చప్టాకు దారి 10 అడుగులు, పక్క సెట్‌బ్యాకులు చెరొక ఐదు తీసేస్తే ముందు రెండు ఇళ్ళకూ కలిపి 30 అడుగులే మిగిలాయి. అంటే ఇంటికి 15. ఆ 15 అడుగుల కింది అంతస్తులో గరాజు, మెట్లు పోను మహా అయితే ఒక చిన్న గది. వంటిల్లు, హాలు మొదటి అంతస్తుకు ఎక్కాయి, పడక గదులు రెండో అంతస్తుకు. ఈ కొలతల్లో మరో బొమ్మ ఇమడదు.

దీనికి ఇంకో నియమం తోడైంది. ప్రతి ఇంటికీ నేల మీద, ఆ ఇంట్లోంచి నేరుగా దిగేలా, సొంత ఖాళీ జాగా ఉండాలన్నారు. ఉద్దేశం మంచిదే. వెనక భాగమంతా కార్లకే పోవడంతో ఆ జాగా వీధి వైపు వచ్చిపడింది. వీధి పక్కన సొంత పెరడు అంటే ఎవరైనా ఏం చేస్తారు, ఆరడుగుల చెక్క కంచె కట్టుకుంటారు. దాంతో వీధిలో నడిచేవారికి గుమ్మాలకు బదులు కంచెలు కనిపించాయి, గుమ్మం ఎక్కడో పక్క సందులోకి తిరిగింది. తీరా చూస్తే ఆ ఇరుకు గరాజుల్లోకి కారు తిప్పడం కష్టమై చాలామంది అందులో సామాన్లు పెట్టుకుని కారు వీధిలోనే నిలిపారు. పైగా చిన్న ప్రాజెక్టులకు డిజైన్ సమీక్ష అక్కర్లేదు కాబట్టి, ఎనిమిది ఇళ్ళ లోపు కట్టుకుంటే అడిగేవారే లేరు.

2010 డిసెంబరులో కౌన్సిల్ ఈ జోన్ల నిబంధనలను తిరగరాసింది. ప్లాటులో ఎంత శాతం కప్పవచ్చన్న లెక్క బదులు, ప్లాటు విస్తీర్ణానికి ఎన్ని రెట్ల కట్టుబడి ఉండవచ్చన్న ఎఫ్‌ఏఆర్ లెక్కను ముందుకు తెచ్చింది. బస్సు సౌకర్యం బాగా ఉన్న నగర కేంద్రాల్లో పార్కింగ్ తప్పనిసరి కాదంది. టౌన్‌హౌస్‌లకు తేలికపాటి డిజైన్ సమీక్షను పెట్టింది. చప్టాలు తగ్గాయి. గుమ్మాలు మళ్ళీ వీధి వైపు తిరిగాయి.

తిరగరాసిన నిబంధనల్లోనూ కొత్త విచిత్రాలు పుట్టాయి. రోహౌస్ అంటే ప్రతి ఇల్లూ వీధినే చూడాలి, ఒక ఇంటి వెనక మరో ఇల్లు ఉండకూడదు. టౌన్‌హౌస్‌కు ఆ నిర్బంధం లేదు. కానీ అన్నిటికన్నా తక్కువ సాంద్రత ఉన్న లోరైజ్ జోన్లో టౌన్‌హౌస్‌ల సంఖ్యకు పరిమితి పెట్టి, రోహౌస్‌లకు సడలించారు. వెంటనే బిల్డర్లు మూల ప్లాట్లు వెతకడం మొదలుపెట్టారు. మూల ప్లాటును రెండుగా కోస్తే రెండు వీధులూ దొరుకుతాయి, అన్నీ రోహౌస్‌లే అవుతాయి. నిబంధన ఎటు వంగితే బిల్డరు అటు ప్రవహిస్తాడు. అతన్ని తిట్టి లాభం లేదు.

2019 నుంచి ఈ జోన్లలో కొంచెం ఎక్కువ కట్టనిచ్చి, బదులుగా అందుబాటు ధర ఇళ్ళ నిధికి రుసుము చెల్లించాలనో, లేదా ప్రాజెక్టులోనే అలాంటి ఇళ్ళు కట్టాలనో షరతు పెట్టారు. నాలుగు ఇళ్ళ చిన్న బిల్డరుకు ఈ రుసుము మోయలేని బరువని ఒక వర్గం, భూమి ధర పెరుగుదలలో నగరానికి వాటా న్యాయమని మరో వర్గం ఇప్పటికీ వాదించుకుంటున్నాయి.

దస్తావేజు సంగతి

కట్టడం ఒక ఎత్తు, అమ్మడం ఇంకో ఎత్తు. హైదరాబాదు అపార్ట్‌మెంటులో ఫ్లాటుతో పాటు భూమిలో విడదీయని వాటా, యూడీఎస్, రిజిస్టరు అవుతుంది. అమెరికాలో కాండోమినియం దాదాపు అలాంటిదే. టౌన్‌హౌస్‌ను మాత్రం చాలామంది కింది నేలతో సహా సొంతంగా కొనాలనుకుంటారు. కానీ ఆ నేల ముక్క చాలాచోట్ల కనీస ప్లాటు నియమానికి అందదు. సియాటిల్ దీనికి యూనిట్ లాట్ పద్ధతి పెట్టింది: నిబంధనలన్నీ తల్లి ప్లాటు పాటిస్తే చాలు, లోపలి ముక్కలు విడివిడిగా పాటించనక్కర్లేదు. వాషింగ్టన్ రాష్ట్ర కాండో చట్టంలో నిర్మాణ లోపాలకు బిల్డరు బాధ్యత కఠినంగా ఉండటం కూడా చిన్న బిల్డర్లను కాండోల నుంచి టౌన్‌హౌస్‌ల వైపు నెట్టింది. 2023లో రాష్ట్రం యూనిట్ లాట్ పద్ధతిని నగరాలన్నిటికీ విస్తరించింది.

లాస్ ఏంజెలెస్ ఇదే సమస్యను ఇంకోలా విప్పింది. 2005లో వచ్చిన స్మాల్ లాట్ ఆర్డినెన్సు, అపార్ట్‌మెంట్లకూ వ్యాపారానికీ కేటాయించిన జోన్లలో ప్లాటును 600 చదరపు అడుగుల దాకా, సుమారు 67 గజాలకు, కోయనిచ్చింది. షరతు ఏమిటంటే ఏ ఇంటి కట్టడం దానికి వేరుగా నిలబడాలి. అందుకే అక్కడి చిన్న ప్లాటు ఇళ్ళ మధ్య కొన్ని అంగుళాల సందు ఉంటుంది. దూరం నుంచి వరుస ఇళ్ళే, దగ్గరికి వెళితే గోడకూ గోడకూ మధ్య చెయ్యి దూరదు. ఆ సందులోకి వాన నీరు, ఎలుకలు పోకుండా రేకు మూత వేస్తారు. రెండు గోడల ఖర్చు పెట్టి, ఒక గోడ సౌఖ్యం పొందడం. చట్టం కోసం కట్టిన కట్టడానికి ఇంతకంటే ముచ్చటైన ఉదాహరణ దొరకదు.

కట్టడ నియమావళి

జోనింగ్ అనుమతించినా కట్టడ నియమావళి తన మాట తాను చెబుతుంది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు అనుసరించే నివాస నియమావళి మూడంతస్తుల దాకా టౌన్‌హౌస్‌లను ఒంటి ఇళ్ళతో పాటే తేలిక నిబంధనల కింద ఉంచుతుంది. ఒక ఇంటి మీద మరో కుటుంబం వచ్చి, యూనిట్లు రెండు దాటితే పెద్ద భవనాల నియమావళి వర్తించి ఖర్చు పెరుగుతుంది. ఇళ్ళ మధ్య ఉమ్మడి గోడ రెండు గంటలు నిప్పును తట్టుకోవాలి, స్ప్రింక్లర్లు ఉంటే గంట చాలు. అదే జాగాలో ఆరు ఫ్లాట్ల చిన్న భవనం కంటే నాలుగు నిలువు ఇళ్ళే లాభసాటి కావడానికి ఇదొక ముఖ్య కారణం.

దాని మూల్యం మోకాళ్ళు చెల్లిస్తాయి. వంటిల్లు ఒక అంతస్తులో, పడక ఇంకో అంతస్తులో. సియాటిల్ చుట్టుపక్కల బాథెల్, రెడ్‌మండ్‌లలోనూ, డాలస్ శివార్లలోనూ టౌన్‌హౌస్ కొనుక్కున్న తెలుగువారికి ఈ సంగతి తెలిసివచ్చేది అమ్మానాన్నలు ఇండియా నుంచి ఆరు నెలలుండటానికి వచ్చినప్పుడే. గరాజు పక్కనున్న కింది గదికి స్నానాల గది ఉందా లేదా అన్నది అప్పుడు పెద్ద ప్రశ్న అవుతుంది.

వీధికి తగిలే దెబ్బ

హ్యూస్టన్‌లో ప్లాటు చిన్నదైంది గానీ పార్కింగ్ నియమం అలాగే ఉండిపోయింది. ఇంటికి రెండు కార్ల చోటు కావాలి. రెండు కార్లు పక్కపక్కన నిలిచే గరాజుకు 20 అడుగులు పోతుంది, ఇంటి ముఖమంతా గరాజు తలుపే అవుతుంది. ప్రతి ఇంటికీ ఒక డ్రైవ్‌వే, ప్రతి డ్రైవ్‌వే దగ్గరా కాలిబాట కోత. వీధిలో కారు నిలిపే జాగా కూడా దాంతో పోతుంది, కాబట్టి పార్కింగ్ పెంచాలన్న నియమం వీధి పార్కింగును తినేసింది. రోడ్డు పక్కన తెరిచిన కాలువలున్న కాటేజ్ గ్రోవ్ లాంటి పేటల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2023లో నగరం 42వ అధ్యాయాన్ని మళ్ళీ సవరించి, వెనక నుంచో ఉమ్మడి దారి నుంచో కారు వచ్చేలా కట్టేవారికి, నడుమ ముంగిలి చుట్టూ చిన్న ఇళ్ళు కట్టేవారికి వెసులుబాట్లు ఇచ్చింది.

ఫిలడెల్ఫియా దీనికి పూర్తి ఎదురు కొస. 2012లో అమల్లోకి వచ్చిన అక్కడి జోనింగ్‌లో వరుస ఇళ్ళ ప్రధాన జోన్‌కు కనీస ప్లాటు 1,440 చదరపు అడుగులు, వెడల్పు 16 అడుగులు. విస్తీర్ణంలో హ్యూస్టన్‌కు అటూ ఇటూ అంతే. కానీ ఒక కుటుంబపు వరుస ఇంటికి అక్కడ పార్కింగ్ తప్పనిసరి కాదు. ఒకే సైజు ప్లాటు, పూర్తిగా వేరు వీధి.

రాష్ట్రాల జోక్యం

2019 నుంచి నిర్ణయం మెల్లగా నగరాల చేతి నుంచి రాష్ట్రాల చేతికి జారుతోంది. ఆ ఏడాది ఒరెగాన్ పెద్ద నగరాల్లో ఒంటి ఇళ్ళకే పరిమితమైన జోన్లకు ముగింపు పలికింది. వాషింగ్టన్ 2023 చట్టం ప్రకారం 75 వేలకు మించిన జనాభా ఉన్న నగరాలు నివాస ప్లాటుకు కనీసం నాలుగు ఇళ్ళను, ప్రధాన రవాణా స్టేషన్ల దగ్గర ఆరింటిని అనుమతించాలి. ఆస్టిన్ తనంతట తానే 2024లో కనీస ప్లాటును 5,750 నుంచి 1,800 చదరపు అడుగులకు, 200 గజాలకు, దించింది. 2025లో టెక్సస్ రాష్ట్రం పెద్ద నగరాలు 3,000 చదరపు అడుగుల కంటే పెద్ద కనీస ప్లాటు అడగరాదని చట్టం చేసింది. అయితే అది ఐదెకరాలకు తక్కువ కాని కొత్త లే-అవుట్లకే వర్తిస్తుంది. ఇప్పటికే ఇళ్ళున్న పేటలను అది ముట్టుకోదు, దస్తావేజుల్లోని ప్రైవేటు షరతులనూ ముట్టుకోదు. పాతికేళ్ళకు పైగా హ్యూస్టన్ చేస్తున్నది ఊరి నడుమ పాత ప్లాటును కోయడం. టెక్సస్‌లోని మిగతా నగరాలకు ఆ పని ఇప్పటికీ వాటి కౌన్సిళ్ళ దయ మీదే ఆధారపడి ఉంది.